గిర్ని మోతలో అందరి మాటా వినబడేది

నాకు చెవుడు వచ్చిందంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. వాళ్లు నమ్మకపోవడానికి కారణం మా గిర్ని.

వరంగల్‌లో కాశిబుగ్గ దగ్గర ఒక సందులో మాకు పిండి గిర్ని ఉంది. పెళ్లయిన కొత్తలో మా అత్తమ్మ నేర్పింది, ఆమె పోయాక నేనే నడుపుతున్నాను. మా ఆయన ప్రభాకర్‌ది మోటర్ వైండింగ్ పని. షాపు పెద్ద రోడ్డు మీద ఉంటుంది. మా అమ్మాయి కీర్తన ఇంటర్ చదువుతోంది. గిర్ని బెల్టు తిరగడం మొదలైతే లోపల ఒకరి మాట ఒకరికి వినబడదు. వచ్చినవాళ్లు గొంతు చించుకుని అరవాలి, లేకపోతే చేతులతో సైగ చేయాలి. నేను మాత్రం హాయిగా అందరికీ జవాబు చెప్పేదాన్ని. "సుగుణక్కా, జొన్నలు జర మెత్తగ పట్టు." "ఒదినె, గోధుమలల్ల శనగలు కలిపిన, బరక గాకుంట సూడు." ఒక్క మాట కూడా పొల్లు పోయేది కాదు.

గిర్ని ఆపి వెనకనున్న ఇంట్లోకి వస్తేనే చిక్కు. ఇల్లంతా ప్రశాంతంగా ఉన్నప్పుడు మా ఆయన పక్క గదిలోంచి పిలిచేవాడు. నేను పలికేదాన్ని కాదు. రెండోసారి, మూడోసారి పిలిచి విసురుగా ఎదురుగా వచ్చి నిలబడేవాడు.

"గిర్నిల గంత మోత నడుమ రాజక్క నూకల గురించి అడిగితె ఇనవడ్తది. ఇంట్ల నేను మంచినీళ్లు అడిగితె ఇనవడదా?"

నిజమే కదా, అక్కడ వినబడేది, ఇక్కడ వినబడేది కాదు. నాకు చెవులు మందగిస్తున్నాయేమో అంటే ఆయన నవ్వాడు. "చెవుటోళ్లు గట్టిగ మాట్లాడ్తరు. నువ్వు గుసగుస పెట్టినట్టు మాట్లాడ్తవ్. నీకెక్కడి చెవుడు?" అదీ నిజమే. నా గొంతు నాకు తల నిండా మోగినట్టు ఉండేది. అందుకే రోజురోజుకూ ఇంకా మెల్లగా మాట్లాడేదాన్ని. తినేటప్పుడైతే మరీ అన్యాయం. అప్పడం కొరికానంటే ఆ పటపటలో కూతురు ఏం చెబుతోందో ఒక్క ముక్క తెలిసేది కాదు.

ఇదంతా ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను. అప్పుడు నవ్వు రాలేదు. నాకు నిజంగానే వినబడటం లేదా, లేక మా ఆయన అన్నట్టు నాకు ఇంటి మీద ధ్యాస లేదా అని నన్ను నేనే అనుమానించుకున్న రోజులున్నాయి.

జూన్‌లో, పిల్లల కాలేజీలు తెరిచిన రోజుల్లో

వినబడనివాళ్లందరికీ ఒక అలవాటు అవుతుంది. ఎదుటివాళ్లు ఏమన్నారో తెలియనప్పుడు మొహం చూసి జవాబు చెప్పడం. నవ్వితే నవ్వడం, తల ఊపితే తల ఊపడం. "ఏమన్నవ్?" అని మళ్లీ మళ్లీ అడగడానికి సిగ్గు. నేనైతే అన్నిటికీ "అట్లనే" అనేదాన్ని.

ఒక ఆదివారం చర్చిలో ఆరాధన అయిపోయాక మా పాస్టరమ్మ గుడి పక్క గదిలో నా చెయ్యి పట్టుకుని ఏదో అడిగింది. ఆమెది చాలా మెత్తని గొంతు. మొహం మాత్రం ప్రేమగా ఉంది. నేను కూడా ప్రేమగా నవ్వి, "అట్లనే అక్కా" అన్నాను. ఆమె చాలా సంతోషపడింది.

గురువారం సాయంత్రం జుట్టు నిండా పిండితో గిర్ని మూసి బయటికి వచ్చేసరికి మా గుమ్మం ముందు చెప్పుల వరస. లోపల బైబిళ్లు పట్టుకుని ఇరవై మందికి పైగా ఆడవాళ్లు, నలుగురైదుగురు మగవాళ్లు చాపలు పరుచుకుని కూర్చున్నారు. మా ఆయన గోడకు ఆనుకుని నిలబడి నా వైపు చూశాడు. నేను పాస్టరమ్మ వైపు చూశాను.

"ఏంది సుగుణా, గట్ల నిలవడ్డవ్? ఇంటి కూడిక ఈసారి మీ ఇంట్లనే పెట్టుకుంటనంటివి గద!"

ఇంట్లో టీపొడి కూడా నిండుకుంది. అయితే గిర్ని ఉన్న ఇంట్లో బియ్యప్పిండికి కరువేముంది? కీర్తనను పక్కిళ్లకు తోలి మందపాటి గిన్నెలు అడిగి తెప్పించాను. వాళ్లు పాటలు పాడుతుంటే నేను వంటింట్లో పిండిలో శనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఉల్లిగడ్డ కలిపి సర్వపిండి వత్తుతూనే ఉన్నాను. ఉన్న పొయ్యిలు చాలక పక్కింటి రాజక్క వాళ్లింట్లో కూడా రెండు గిన్నెలు ఎక్కించింది. ప్రార్థన అయ్యేసరికి కరకరలాడే ముక్కలు అందరికీ అందాయి. అంత బాగా జరిగిన కూడిక ఈ మధ్య లేదని అందరూ మెచ్చుకుని పోయారు.

ఆఖరి జత చెప్పులు గుమ్మం దాటేదాకా మా ఆయన నవ్వుతూనే ఉన్నాడు. ఆ తర్వాత నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"ఇంతమందిని రమ్మన్నప్పుడు నాకొక్క మాట చెప్పద్దా?"

"నాకే తెల్వది. అక్క ఏమడిగిందో నాకు ఇనవళ్లె."

"ఇనవడకుంటనే అట్లనే అన్నవా?"

అన్నాను. అదే చెప్పాను. ఆయన నమ్మలేదు. తనంటే నాకు లెక్కలేదని ఆయన మనసులో పడిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు నాతో నేరుగా మాట్లాడలేదు. "మీ మమ్మీకి చెప్పు, కరెంటోళ్లు వస్తరని." "మీ డాడీకి చెప్పు, చల్లారిపోతాందని." నడుమ కీర్తన నలిగిపోయింది. ఒక పూట పుస్తకం మూసి లేచి నిలబడింది.

"నేనేమన్న మైకునా? ఒకలకు ఇనవడదు, ఇంకొకలు మాట్లాడరు. నేను చదువుకోవాల్నా వద్దా?"

కోపంలో అన్నా, ఆ పిల్ల ఒక్కతే నాకు వినబడదన్న మాటను మాటగా ఒప్పుకుంది. అందుకే మర్నాడే మా సందు చివర డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన చెవిలో లైటు వేసి చూసి చుక్కల మందు ఇచ్చాడు. మందు అయిపోయింది, వినికిడి రాలేదు. మళ్లీ వెళితే, "గిర్ని మోతకు పోయి ఉంటాయమ్మా. అది మానుకుంటే ఉన్నదైనా మిగులుతుంది" అన్నాడు.

ఇంటికి ఎలా నడిచి వచ్చానో గుర్తు లేదు. గిర్ని మానుకోవడమా? ఆ సందులో నన్ను పేరుపెట్టి పిలిచే ప్రతి మనిషీ గిర్ని వల్లే నాకు పరిచయం. పైగా ఈ భూమ్మీద నాకు అందరి మాటా స్పష్టంగా వినబడే చోటు అదొక్కటే. డాక్టరు అన్నది ఎవరికీ చెప్పలేదు.

ఆగస్టులో, ఫర్హానా వచ్చాక

శ్రావణ మాసంలో గిర్నికి గిరాకీ ఎక్కువ. అలాంటి ఒక మధ్యాహ్నం భుజాన సంచీతో ఒక అమ్మాయి వచ్చి, బెల్టు ఆగేదాకా ఓపిగ్గా నిలబడింది.

"అక్కా, నా పేరు ఫర్హానా. చెవుల పరీక్షల మీద చదువుకుంటాన. మోతల పనిచేసే పెద్దోళ్ల వినికిడి ఎట్లుందో, దేనివల్ల తగ్గుతాందో చూస్తానం. మగ్గాల కాడ, పత్తి మిల్లుల కాడ అడిగినం. మీరు కూడ వస్తరా? నొప్పి ఉండది, సూది ఉండది."

ఆమె పుట్టి పెరిగింది వరంగల్‌లోనే. హన్మకొండలో ఒక దవాఖానలో చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గర పనిచేస్తూ పరిశోధన చేస్తోంది. వయసు, షుగర్, బీపీ, వాడే మందులు, చుట్టూ ఉండే మోత, వీటిలో ఏది ఎంత దెబ్బ తీస్తుందో తెలుసుకోవడం ఆమె పని. ఆ మోత గిర్నిదీ కావచ్చు, ఎప్పుడూ చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ఫోన్లదీ కావచ్చు. నేను గుండె గట్టి చేసుకుని ఒప్పుకున్నాను. పోతే పోయింది, ఉన్నదేమిటో తెలుస్తుంది అనుకున్నాను. ఒకటే షరతు పెట్టింది. పరీక్షకు ముందు రోజు నుంచే గిర్ని ఆపాలి. మోతలో ఉండి వచ్చిన చెవి కాసేపు మొద్దుబారి ఉంటుందట, అప్పుడు పరీక్ష చేస్తే అసలు సంగతి తేలదట. శ్రావణంలో గిర్ని మూస్తే రాజక్క ఊరుకుంటుందా? "నా గోధుమలేం గావాలె?" అని గొడవ పెట్టుకుంది. సంగతి విన్నాక మాత్రం తనే గుమ్మం ముందు కూర్చుని వచ్చినవాళ్లందరినీ ఎల్లుండి రమ్మని పంపేసింది.

దవాఖానలో చెవుల వార్డు ముందు హాలును నేను జన్మలో మరిచిపోను. అక్కడ కూర్చున్నవాళ్లలో సగం మందికి వినబడదు. అటెండరు తలుపు సందులోంచి తల బయటపెట్టి పేరు పిలిచేవాడు. ఎవరూ లేచేవారు కాదు. ఆయన ఇంకా గట్టిగా పిలిస్తే ముగ్గురు లేచేవారు. నా పక్కన డోర్నకల్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన కూర్చున్నాడు. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు, రెండు చెవులకూ మిషన్లున్నాయి. నా సంగతి చూసి, "నీ పేరేందమ్మా? నువ్వు నిమ్మళంగ కూసో. పిలిస్తె నేను చెప్త" అన్నాడు. అన్నట్టే నా పేరు వినగానే మోచేతితో తట్టాడు. ఆ తట్టడంలో ఎంత ధైర్యముందో ఆయనకు తెలుసో లేదో.

లోపల మెత్తని గోడలున్న చిన్న గది. తలుపు మూయగానే నా ఊపిరి నాకే వినబడింది. హెడ్‌ఫోన్ పెట్టి చేతికి ఒక బటన్ ఇచ్చింది ఫర్హానా. కూత వినబడితే నొక్కాలి, ఎంత సన్నగా వినబడినా నొక్కాలి. కాసేపటికి వినబడని కూతలు కూడా వినబడుతున్నట్టు అనిపించాయి. బడిలో పరీక్ష రాసిన రోజున కూడా అంత భయపడలేదు. తర్వాత హెడ్‌ఫోన్ తీసేసి చెవి వెనక ఎముక మీద చిన్న డబ్బీ లాంటిది ఆనించి బ్యాండు బిగించింది. అప్పుడు చూడాలి! కూతలు ఒకటొకటిగా, స్పష్టంగా, తల లోపలే పుట్టినట్టు వచ్చాయి. అద్దం అవతల ఫర్హానా మొహంలో మార్పు కనిపించింది. మళ్లీ చేసింది. లేచి వెళ్లి డాక్టర్ సార్‌ను పిలుచుకొచ్చింది.

సార్ ఇనుప పట్టకారు లాంటి దాన్ని తట్టి చెవి ముందు పెట్టారు. సన్నగా వినబడింది. దాన్నే చెవి వెనక ఎముకకు ఆనిస్తే జుమ్మని మోగింది. "ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే వినికిడి తగ్గిందా?" అని అడిగారు.

"లేదు సార్."

"మీ అమ్మగారికి?"

"మా అవ్వకు చెవుడు లేదు సార్. ఆమె కొంచెం..." అని ఆగిపోయాను. ఆమె కొంచెం ఏమిటి?

మా పుట్టిల్లు రఘునాథపల్లి. మా అమ్మను మేము అవ్వ అంటాం, పేరు మార్తమ్మ. ఊళ్లో ఆమెను 'పొగరు మార్తమ్మ' అనేవారు. దారిలో పలకరిస్తే తలెత్తకుండా వెళ్లిపోయేది. పిలిస్తే తిరిగి చూసేది కాదు. మా తమ్ముడు పుట్టాక ఆమెకు పొగరెక్కిందని, కొడుకును కన్నానన్న గర్వమని మా మేనత్తలు అనుకునేవారు. నాకు కూడా కీర్తన పుట్టాకే మొదలైంది. ఆ గదిలో కుర్చీలో కూర్చుని ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసి, అవ్వ సంగతంతా సార్‌కు చెప్పాను.

ఫర్హానా నాకు అర్థమయ్యేలా చెప్పింది. చెవి లోపలి నరం బాగుంది. కర్ణభేరికీ నరానికీ నడుమ కదిలే బియ్యపు గింజ కన్నా చిన్న ఎముక ఒకటి ఉంటుంది. అది కదలకుండా బిగుసుకుపోయింది. అందుకే బయటి చప్పుడు లోపలికి పోవడం లేదు. ఇది కొన్ని కుటుంబాల్లో నడుస్తుంది. కాన్పు తర్వాత ఎక్కువయినవాళ్లు కూడా కనిపిస్తారు, ఎందుకనేది ఇంకా అందరూ ఒకే మాట మీద లేరట.

"మరి గిర్నిల ఎందుకు ఇనవడ్తాందమ్మా?"

"అక్కా, మోతల అందరు అరిచి మాట్లాడ్తరు గద. ఆ మోత మీ చెవిలకు పెద్దగ పోనే పోదు, అరిచిన మాట పోతది. మామూలోళ్లను ఆ మోత సతాయిస్తది. మిమ్మల్ని సతాయించది. ఈ జబ్బు గుర్తే అది!"

"అంటే నేను నాటకం చేస్తలేను?"

ఆ అమ్మాయి పగలబడి నవ్వింది. "మీ ఆయన నంబర్ ఇయ్యుండ్రి అక్కా."

ప్రభాకర్ షాపు మూసి, చేతుల నిండా గ్రీజుతో వచ్చాడు. ఫర్హానా ఆయనకు లెక్చర్లేమీ ఇవ్వలేదు. కుర్చీలో కూర్చోబెట్టి, రెండు చెవుల్లో వేళ్లు గట్టిగా పెట్టుకుని మాట్లాడమంది. ఆయన "ఏం మాట్లాడాలె?" అని గొణిగాడు. తన గొంతు తనకే ఢమఢమ మోగి ఉలిక్కిపడ్డాడు. తర్వాతి మాట ఇంకా మెల్లగా అన్నాడు. అప్పుడు నోట్లో ఒక బిస్కెట్ పెట్టి నమలమంది. వేళ్లు తీయకుండా నములుతుంటే నాకు సైగ చేసింది. నేను మామూలుగా ఎలా మాట్లాడతానో అలాగే, "ఇంటికి పోయేటప్పుడు టమాటలు తీసుకపోదామా?" అని అడిగాను. ఆయన నా పెదాల వైపు చూశాడు. తల ఊపాడు. నేను ఇన్నేళ్లూ ఊపినట్టే ఊపాడు.

"ఏమడిగింది అన్నా?" అంది ఫర్హానా.

చేతులు దించేశాడు. ఆయనకు తెలియలేదు. "ఇట్లనా నీకు? ఇన్నేండ్ల సంది ఇట్లనేనా?" అన్నాడు. ఇంటికి వచ్చేటప్పుడు బండి మీద ఆయన రోడ్డు పొడుగునా గట్టిగా ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాడు. ట్రాఫిక్ మోతలో నాకు ప్రతి మాటా వినబడింది.

ఆ తర్వాత, నిర్ణయానికి ముందు

రెండు దారులున్నాయన్నారు. చెవి మిషన్ పెట్టుకోవడం, లేదా ఆపరేషన్. బిగుసుకున్న ఎముక పైభాగం తీసి, దాని బదులు సూది మొన లాంటి చిన్న కడ్డీ పెడతారు. ఎక్కువ మందికి బాగవుతుంది. కానీ సార్ దాచకుండా ఒక మాట చెప్పారు. ఎక్కడో ఒకరికి ఆపరేషన్ చేసిన చెవిలో ఉన్నది కూడా పూర్తిగా పోవచ్చు. అందుకే ముందు ఎక్కువ చెడిన చెవికే, అంటే నా ఎడమ చెవికే చేస్తారు.

ఆ 'ఎక్కడో ఒకరు' నేనే అవుతానని నాకు ఖాయంగా అనిపించింది. ప్రభాకర్ మిషన్ చాలన్నాడు. కీర్తన ఆపరేషన్ అంది. వాళ్లిద్దరూ నా ముందే నా చెవి గురించి వాదించుకుంటుంటే, వినబడేట్టు వాదించుకోండని నవ్వాను. మళ్లీ ఫర్హానా దగ్గరికే వెళ్లాను. ఆ అమ్మాయి నన్ను ఏ వైపుకూ నెట్టలేదు. ఒక మిషన్ ఇచ్చి కొన్నాళ్లు పెట్టుకుని చూడమంది. ఇంట్లో బాగానే పనిచేసింది. గిర్నిలోకి వెళితే పిండి దుమ్ము, చెమట, పైగా ఆ మోత! మామూలు మనుషులు ఇంత మోత ఎలా భరిస్తున్నారా అనిపించింది. తీసి పెట్టెలో దాచి, ఆపరేషన్‌కు సరే అన్నాను. ఈసారి ఏమడిగారో తెలిసే అన్నాను.

నవంబరులో

ఆపరేషన్‌కు ముందు రోజు మా అవ్వ వచ్చింది. తమ్ముడు బస్సెక్కించి పంపాడు. ఆమెకు జరిగినదంతా చెప్పాలంటే నేను సన్నగా మాట్లాడతాను, ఆమెకు వినబడదు. ఆమె కూడా సన్నగానే మాట్లాడుతుంది, నాకు వినబడదు. కీర్తన నడుమ కూర్చుని ఇద్దరికీ అరిచి అరిచి చెప్పి, చివరికి పడి పడి నవ్వింది. మేము కూడా నవ్వాం.

పడుకోబెట్టి చెవి చుట్టూ మాత్రమే మత్తు ఇచ్చారు. మెలకువగానే ఉన్నాను. మొహం మీద గుడ్డ, లోపల ఏదో కదులుతున్న గరగర. నాకు వచ్చిన కీర్తనలన్నీ మనసులో పాడుకున్నాను, కొన్ని రెండుసార్లు పాడుకున్నాను. అంతలో ఎక్కడో స్టీలు ట్రేలో ఏదో పెట్టిన టింగుమన్న చప్పుడు. ఎడమ వైపు నుంచి! తర్వాత సార్ గొంతు, అరవకుండా, మామూలుగా:

"సుగుణా, మీ ఊరేదమ్మా?"

"రఘునాథపల్లి సార్" అన్నాను. నా కళ్ల నీళ్లు కుడి చెవిలోకి కారిపోయాయి.

తర్వాతి రోజులు అంత బాగా లేవు. అది కూడా చెప్పాలి, ఎందుకంటే నాకెవరూ చెప్పలేదు. చెవి నిండా దూది పెట్టి మూశారు, మళ్లీ చెవుడే. తల కదిపితే ఇల్లంతా గిర్ని రాయిలా తిరిగింది. నాలుక ఒక పక్కన పాత పైసా పెట్టుకున్నట్టు చేదు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, ముక్కు చీదకూడదు, బరువెత్తకూడదు, తల మీద నీళ్లు పోసుకోకూడదు. ఆపరేషన్ చెడిపోయిందేమో, అందుకే ఏమీ వినబడటం లేదేమోనని కుమిలిపోయాను. అవ్వ మాత్రం ఏమీ అడగకుండా మంచం పక్కన కూర్చుని, నేను లేచినప్పుడల్లా నా నడుం చుట్టూ చెయ్యి వేసి నడిపించింది. ఇద్దరికీ మాటల అవసరం రాలేదు.

గిర్ని ప్రభాకర్ చేతుల్లో పడింది. మోటర్ల సంగతి ఆయనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు కానీ, జొన్నలెంత మెత్తగా ఉండాలో ఆయనకేం తెలుసు? రాజక్క పిండిని వేళ్ల మధ్య రాసి చూసి, "తమ్మీ, గిది రవ్వ. రొట్టె ఎట్ల చేయాలె?" అని వాపస్ ఇచ్చిందట. ఆయన సాయంత్రం తెల్లటి కనుబొమ్మలతో వచ్చి నా ముందు కూర్చుని, పలక మీద రాసినట్టు ఒక్కో మాటా పెదాలు కదిపి చెప్పాడు: "నీ పని శాన కష్టమున్నది." మా పెళ్లయ్యాక ఆయన నాకు చెప్పిన ప్రేమ మాటల్లో ఇదే పెద్దది.

దూది తీసిన రోజు ఆటోలో ఇంటికి వస్తుంటే ప్రపంచమంతా నా మీద పడ్డట్టయింది. ఆటోవాడి తాళాల గుత్తి, కీర్తన ప్లాస్టిక్ కవరు, నా చీర కుచ్చిళ్లు. చీర చప్పుడు చేస్తుందని మరిచేపోయాను! ఇంట్లో ఫ్యాను కిర్రుమంటోంది. "ఇది ఎప్పటిసంది?" అని అడిగితే, "ఐదేండ్ల సంది మమ్మీ" అంది కీర్తన. మోటర్లు బాగుచేసే ఆయన ఇంట్లో ఐదేళ్లుగా ఫ్యాను మూలుగుతోంది, నేను అడగలేదు కదా అని ఆయన దాన్ని ముట్టలేదన్నమాట. ఆ సాయంత్రమే నిచ్చెన వేయించాను.

ఫిబ్రవరిలో, అవ్వ వంతు

నా పరీక్ష మళ్లీ చేసినప్పుడు కాగితం మీద రెండు గీతలూ, చెవితో విన్నదీ ఎముకతో విన్నదీ, దాదాపు కలిసిపోయాయి. ఫర్హానా ఇంకొకటి కూడా చూపించింది. సన్నటి కీచు చప్పుళ్ల దగ్గర నరం కూడా కొంచెం దెబ్బతింది, అది గిర్ని మోత వల్ల కావచ్చంది. మొదటి డాక్టరు మాటలో కొంత నిజముందన్నమాట. ఇప్పుడు గిర్నిలో చెవులకు మోత ఆపే పెద్ద మఫ్‌లు పెట్టుకుంటున్నాను. రాజక్క నన్ను పైలట్ అంటోంది. అననీ.

అవ్వను పరీక్షకు ఒప్పించడం సులువు కాలేదు. "ఇప్పుడు నాకెందుకు బిడ్డా? ఇనేటియి అన్ని అయిపాయె" అంది. కీర్తన మాత్రం వదల్లేదు. ఆ గదిలో బటన్ పట్టుకుని కూర్చున్న అవ్వను అద్దంలోంచి చూశాను. కళ్లు గట్టిగా మూసుకుని, ఎముక మీద డబ్బీ పెట్టగానే ఉలిక్కిపడి నొక్కింది. మళ్లీ నొక్కింది. నాలాంటి గీతలే, కొంచెం ఎక్కువ దూరంగా. ఆపరేషన్ వద్దంది, మిషన్ చాలంది. అది పెట్టగానే ఫర్హానా, "అమ్మా, ఇనవడ్తాందా?" అని అడిగితే, "ఇనవడ్తాంది, అంత గట్టిగ ఒర్రకు బిడ్డా" అంది. ఫర్హానా మామూలుగానే మాట్లాడింది పాపం.

బయటికి వచ్చాక అవ్వ మెట్ల మీద కూర్చుండిపోయింది. "మీ మేనత్తలు పిలిచేటోళ్లేమో, సుగుణా. నాకేం ఎరుక? నన్నెవ్వరు పిలువరనుకున్న" అంది. నేను పక్కన కూర్చున్నాను. తనే నా చెయ్యి పట్టుకుని లేచి, ఇక పోదాం పద అంది.

ఇది చదివేవాళ్ల ఇంట్లో ఎవరైనా మోతలో వింటూ, నెమ్మదిగా ఉన్నప్పుడు పలకకుండా ఉంటే, కోపం తెచ్చుకునే ముందు ఒకసారి చెవుల పరీక్ష చేయించండి. పొగరు, మొండితనం, లెక్కలేనితనం అనుకున్నదాని వెనక బియ్యపు గింజంత ఎముక ఉండొచ్చు. పరీక్షకు భయపడకండి, బటన్ నొక్కడమే. మీ చెవులు నావంటివి కాకపోవచ్చు, దారి కూడా వేరే ఉండొచ్చు. ఏదైనా తెలిస్తేనే కదా.

అవ్వ ఊరికి వెళ్లిన వారానికి మధ్యాహ్నం గిర్ని ఆపి కూర్చున్నాను. ఫోన్ మోగింది, తమ్ముడి నంబర్. అవ్వతో ఫోన్లో మాట్లాడటం మాకు ఎప్పుడూ కుదరలేదు. తమ్ముడో మరదలో నడుమ ఉండి అటుది ఇటు చెప్పేవారు. నేను "ఏంరా తమ్మీ?" అన్నాను.

"తమ్ముడు గాదు బిడ్డా, నేను."

ఎడమ చెవికి ఫోన్ గట్టిగా ఆనించాను. సన్నగా, స్పష్టంగా మా అవ్వ గొంతు.

"తిన్నవా? నీ గొంతు గిట్లుంటదా సుగుణా? చిన్నపిల్ల గొంతున్నట్టున్నది."

"తిన్న అవ్వా. నువ్వు తిన్నవా? మిషన్ మంచిగ పనిచేస్తాందా?"

"ఆ, శాన మంచిగ పనిచేస్తాంది. మీ తమ్ముడు, నీ మరదలు పొద్దంత ఇంత లొల్లి పెట్టుకుంటరని నాకు ఇన్నేండ్లు ఎర్కనే లేకపాయె. ఇందాక మళ్ల మొదలువెట్టిండ్రు. మిషన్ తీసి కొంగుల ముడేసుకున్న, ఇద్దరు ఊకున్నంక మళ్ల పెట్టుకున్న. నీ సంగతి చెప్పు, పొద్దుగూకేదాక టైమున్నది."

గిర్ని ముందు రాజక్క గోధుమల గిన్నెతో నిలబడి ఉంది. కాసేపు ఆగమని చేత్తో సైగ చేసి, అవ్వకు కూడిక సంగతి మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాను.